మత్తడి దగ్గర సైకిల్ దిగని రోజు

కల్వకుర్తి నుంచి రాచగుట్టపల్లికి మూడు దారులు. నారాయణపేట చీరల మూట కట్టుకుని పన్నెండేళ్ళు ఆ ఊళ్ళన్నీ తొక్కినవాణ్ణి. దారిని మైళ్ళలో కొలవను, ఎన్నిసార్లు సైకిల్ దిగాలో లెక్కపెడతాను. సడకు మీద పోతే నాలుగుసార్లు దిగాలి: రెండు ఎక్కుళ్ళ దగ్గర, వాగు దగ్గర, పోలీసు నాకా దగ్గర. గుట్ట సందు దారి అన్నిటికంటే దగ్గర, కానీ అక్కడ సైకిలే మన భుజమెక్కుతుంది. గొర్రెలకు తప్ప ఎవరికీ పనికిరాదు. మూడోది చెరువుల దారి. ఒకదాని కింద ఒకటి మూడు చెరువులు. ఎడమచేతి వైపు గుట్టలు, కుడిచేతి వైపు నీళ్ళు, తామరాకులు, కొంగలు. చుట్టుదారే, కానీ చదునుగా ఉంటుంది. ఒక్కసారి దిగితే చాలు, మూడో చెరువు మత్తడి దగ్గర. చెరువు నిండితే మిగులు నీళ్ళు పొర్లిపోయే ఆ రాతికట్టు మీద ఎప్పుడూ పాచి ఉంటుంది.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడే, దానికి ఏడెనిమిది నెలల ముందు, మాఘమాసంలో ఒక పొద్దున పోలీసు అమీన్ సాబ్ నా కొట్టు ముందు సైకిల్ ఆపాడు. వెనక ముగ్గురు జవాన్లు, వాళ్ళవీ సైకిళ్ళే. లారీ చప్పుడు కోసెడు దూరం వినబడుతుంది, వినగానే నైజాం సర్కారుకు ఎదురుతిరిగిన సంఘం వాళ్ళు ఊరు ఖాళీ చేస్తున్నారు. అందుకని ఆయన ఈ కొత్త ఉపాయం పట్టాడు. పట్నం మనిషి. సైకిల్ పందేల్లో గెలిచానని అందరికీ చెప్పుకునేవాడు.

"క్యా రే చీరల గుర్వయ్యా, రాచగుట్టపల్లికి సైకిల్ మీద పోయేటోనివి నువ్వొక్కనివేనంట. నడువు, తొవ్వ చూపియ్యి."

"బేరముంది సాబ్. రేపు పోదాం."

"రేపైతే నీ సైకిల్ సంఘపోళ్ళదని రాసుకుంట. జప్తు చేస్త."

ఆ జవాన్ల సైకిళ్ళకు బారెడు ఇనుప చువ్వలు కట్టి ఉన్నాయి. చూడగానే వీళ్ళ పనేమిటో తెలిసిపోయింది. లెవీ కింద ధాన్యం పట్టుకుపోయేవాళ్ళు ఆ చువ్వలతో నేలను పొడిచి జొన్న పాతరలు వెతుకుతారు. రాచగుట్టపల్లి మా అక్క నర్సింగమ్మ ఊరు. ఆమె పాతర కళ్ళంలోనే ఉంది, మనిషి నిలువు లోతు. నాలుగు రోజుల కిందే జొన్నలు నింపి మన్ను కప్పారు. మన్ను ఇంకా పచ్చిగానే ఉంది, గుడ్డివాడు కూడా పోల్చుకుంటాడు. ఆ గింజలు పోతే మళ్ళీ పంట దాకా ఆ ఇంట్లో ఆరుగురికి పస్తే.

"ఏ తొవ్వ మంచిది?" అన్నాడు అమీన్.

"చెరువుల తొవ్వ సాబ్. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. చూసేటందుకు మస్తుగుంటది."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మొదటి చెరువు కట్టకు కిందటేడు గండి పడిందనీ, దారి ఇప్పుడు ఎండిన చెరువు అడుగు, శిఖంలోంచి పోతుందనీ, శిఖం నిండా పల్లేరుకాయలు మొలిచాయనీ ఆయన అడగలేదు.

చెరువు మొదట్లో బీరమ్మ మంద అడ్డం వచ్చింది. కురుమల బీరమ్మ నా పాత గిరాకీ. మా అక్క పొలంలో ఎరువు కోసం మంద పడుకోబెట్టినందుకు ఆమెకు రావలసిన జొన్నలు కూడా ఆ పాతరలోనే ఉన్నాయి.

"ఏడికి గుర్వన్నా, గింతమందితోని?"

"రాచగుట్టపల్లికి బీరమ్మా. సర్కారు పని."

ఆమె నా ముఖం చూడలేదు. చువ్వలు చూసింది. కట్టె తిప్పి "ట్రీయ్" అంది. రెండు వందల గొర్రెలు గుట్ట సందు వైపు మళ్ళాయి.

"గిదేంది, ఇప్పుడే గీడికొస్తివి కదా?" అన్నాడు ఒక జవాను.

"గీడ మేత లేదు దొరా. నువ్వు మేస్తనంటే ఉండు," అని ఆమె వెళ్ళిపోయింది.

ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. కళ్ళంలో మంద పడుకుంటే పచ్చిమన్ను గిట్టల కింద నలిగి పాతమన్నవుతుంది. లెక్క వేశాను. మంద గుట్ట దాటడానికి మూడు గంటలు. నేల తొక్కి పెంటికలు వేయడానికి ఇంకో రెండు. మాకు చెరువుల దారిన పట్టేది రెండు గంటలు. అంటే నేను మూడు గంటలు ఎక్కడో ఒకచోట పారబోయాలి.

పల్లేరుకాయలు తమ పని తాము చేశాయి. శిఖంలో రెండు వందల గజాలు పోయేసరికి నాలుగు సైకిళ్ళూ ఉస్సుమన్నాయి. అమీన్ సంచీలోంచి పంపు, సొల్యూషన్, ప్యాచీలు తీశాడు. ఆయన సైకిల్‌కే పదకొండు రంధ్రాలు తేలాయి. ఉన్నవి ఆరు ప్యాచీలు. అలా గంట గడిచింది. నేను చెట్టు కింద కూర్చుని మనసులో ఒక గంట జమ కట్టుకున్నాను.

అప్పుడు ఆయన కళ్ళు నా సైకిల్ మీద పడ్డాయి.

"నీదెట్ల పంచర్ కాలే?"

ఇక్కడ నా పొదుపే నా కొంప ముంచింది. ట్యూబుకు, టైరుకు నడుమ పాత టైరు కోసి పట్టీగా వేసుకోవడం నా అలవాటు. పల్లేరు కాదు, మేకు కూడా దిగదు. దాచడానికి లేదు, ఆయన అప్పటికే టైరు నొక్కి చూశాడు.

"శాబాష్!" అన్నాడు. "జవాన్లు నడుచుకుంట వస్తరు. మనిద్దరం ముందుగాల పోదాం. తొక్కు."

చీరల మూటను నా మెడకు తగిలించి, ఆయన క్యారేజీ ఎక్కాడు. మనిషి నిండు జొన్న బస్తా బరువుంటాడు. వీలైనంత నెమ్మదిగా తొక్కాను. రెండో చెరువు దాటేదాకా "తొక్కు, తొక్కు" అంటూ వీపులో పొడుస్తూనే ఉన్నాడు. ఈ లెక్కన మందకంటే ముందే చేరేట్టున్నాం. ఇంకా రెండు గంటలు తక్కువ.

మూడో చెరువు నిండుగా ఉంది. మత్తడి మీద సన్నగా నీళ్ళు జారుతున్నాయి, పాచి పచ్చగా మెరుస్తోంది.

"దిగాల్నా?" అన్నాడు అమీన్.

"పందెం సైకిల్ తొక్కినోళ్ళు మీరే దిగుతరా సాబ్?" అన్నాను.

పన్నెండేళ్ళలో ఆ ఒక్కరోజే నేను మత్తడి దగ్గర సైకిల్ దిగలేదు.

మత్తడి మధ్యకు కూడా చేరలేదు. ముందు చక్రం చెరువు వైపు పోయింది, వెనక చక్రం దాని వెంట పోయింది, వెనక చక్రం మీద ఉన్నాయన అన్నిటికంటే ముందు పోయాడు. నీళ్ళు నడుము లోతే, కానీ కింద మోకాలు లోతు బురద. నేను మూటను నెత్తిన పెట్టుకుని లేచాను. అది మైనపు గుడ్డలో చుట్టినది, చుక్క నీరు దిగలేదు. అమీన్ మాత్రం మీసాలకు తామరతీగతో లేచాడు.

మాఘమాసపు గాలి. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే యూనిఫాం విప్పి రాయి మీద ఆరేశాడు. తువ్వాలైనా లేదు.

"మూటల ఏమున్నయ్ రే?"

"చీరలే సాబ్."

ఆయన గుట్టల వైపు చూశాడు, చెరువు వైపు చూశాడు. మనిషి జాడ లేదు.

"ఒకటియ్యి. నల్లది, లేకుంటె నీలిది."

మూట అడుగున నీలిది ఉంది. "లేదు సాబ్, పెండ్లిబట్టలే మిగిలినయి," అని పసుపుపచ్చ గళ్ళకు కుంకుమరంగు అంచున్నది తీసి ఇచ్చాను. ఎంత చలైనా, బేరగాణ్ణి కదా, బాగా నప్పే రంగే ఇచ్చాను.

ఆయన దాన్ని చుట్టూ చుట్టుకుని, కొంగు తలమీదికి లాగి, గుట్టవైపు తిరిగి కూర్చున్నాడు. ఖాకీ గుడ్డ మందం, మబ్బు పట్టిన ఎండ. ఆరడానికి రెండు గంటలకు తక్కువ పట్టదు. దేవుడు నా లెక్క సరిచేస్తున్నాడనుకున్నాను.

అంతలో నీళ్ళ కుండతో రాచగుట్టపల్లి బాలనర్సమ్మ వచ్చింది. ఆమె నోరు ఊరికి చాటింపు లాంటిది.

"గుర్వన్నా! ఎవరా ఆడమనిషి?"

"మా మేనత్త. చెర్ల పడ్డది, సలి పుట్టింది."

"అయ్యో అవ్వా, జర ఇటు తిరుగు, పసుపుకొమ్ము నూరి పెడత." ఆమె వంగి కొంగు కిందికి చూసింది. "అవునన్నా, మీ అత్తకు మీసాలున్నయేందే?"

"మా దిక్కు ముసలోళ్ళకు గట్లనే వస్తయి."

"మొగోని లెక్కనే కూసున్నది," అంటూ కుండ నింపుకుని, నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళింది. మేనత్త కొంగు కింద నుంచి ఉర్దూలో ఏదో గొణిగింది. నాకు పూర్తిగా అర్థం కాలేదు, కాకపోవడమే మంచిది.

యూనిఫాం ఆరి, చీర తిరిగి నా మూటలో చేరేసరికి పొద్దు వాలింది. అప్పుడే జవాన్లు సైకిళ్ళు తోసుకుంటూ వచ్చారు. అందరం కలిసి ఊరు చేరాం.

కళ్ళం నిండా గొర్రెలు పండుకుని నెమరేస్తున్నాయి. నేల నల్లగా, పెంటికలతో, ఏనాటినుంచో అలాగే ఉన్నట్టుంది. మా అక్క గడప పట్టుకుని నిలబడింది. ఊరివాళ్ళు చుట్టూ చేరారు.

"ఎన్నొద్దులైంది మంద పెట్టి?" అన్నాడు అమీన్, తుమ్ముకుంటూ.

"మూడు దినాలు దొరా," అంది బీరమ్మ.

ఒక జవాను ఆమెను పరకాయించి చూశాడు. "సాబ్! పొద్దున మొదటి చెర్ల కాడ జూసినం కదా, గీ ఆడిదే! మేత లేదని నన్ను మెయ్యమన్నది. మూడు దినాలెట్లయితది?"

అమీన్ చేయి చాపాడు, చువ్వ కోసం. చువ్వ చేతికందింది. పొట్టేలును కాలితో తోశాడు. అది లేచిన జాగా సరిగ్గా పాతర మూతి. నా లెక్కలన్నీ అక్కడితో అయిపోయాయి.

అప్పుడు గుంపు వెనక నుంచి బాలనర్సమ్మ గొంతు వినబడింది.

"గుర్వన్నా, గా మీసాల మేనత్తేదే? ఊర్లకు తోలుకరాలే? అందరికీ చెప్పిన, చూస్తమని వచ్చిన్రు!"

"ఏం మీసాల మేనత్త?" అన్నాడు జవాను.

నేను అమీన్ వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. నేను మెడలోని మూట దించి, ముడి మీద వేలు పెట్టాను.

"ఈడనే ఉన్నదమ్మా," అన్నాను. "చీర కూడా ఇంకా ఆరలేదు. చూపియ్యమంటవా?"

చువ్వ నేలకు జానెడు పైన ఆగింది. అమీన్ చెవులు చీర అంచు రంగుకు తిరిగాయి. నెమ్మదిగా చువ్వను జవాను చేతికి ఇచ్చేశాడు.

"గొర్లు కాసేటోళ్ళంత ఒక్క తీరుగనే కనబడతరు," అన్నాడు. "నువ్వు చూసింది వేరే ఆడిది. ఈడేం లేదు. నడువున్రి."

"సాబ్, కానీ..."

"నడువుమన్న!"

ఊరి చివర నన్ను పక్కకు పిలిచి, గుసగుసగా "గా చీర నాకియ్యి" అన్నాడు. ఇచ్చాను. ఒక్క చీర నష్టం, ఒక పాతర లాభం. భాద్రపదంలో యూనియన్ సైన్యం వచ్చాక ఆయన కల్వకుర్తిలో మళ్ళీ కనబడలేదు, చీరా కనబడలేదు.

అదే రంగు, అదే అంచున్న చీర మళ్ళీ నారాయణపేట నుంచి తెప్పించి బీరమ్మకు ఇచ్చాను. కట్టుకుని మా అక్క ఇంటి ముందు అటూ ఇటూ నడిచింది.

"ఎట్లున్నది బీరమ్మా?" అన్నాను.

"మంచిగనే ఉన్నదన్నా," అంది. "మీసాలుంటే ఇంకా ఒప్పుతుండె."