ముక్కువైపు జరిగిన వెడల్పు

నేను ఒక పాడిల్ బోర్డుని. నిలబడి తెడ్డు వేసుకుంటూ సముద్రం మీద పోయే పలకని. నన్ను చూసిన ప్రతివాళ్లూ మొదట అడిగేది పొడవెంత, వెడల్పెంత అని. ఆ రెండు అంకెలు వినగానే నా గుణమంతా తెలిసిపోయినట్టు తలాడిస్తారు. మనుషుల మీద నాకు అనుమానం మొదలైంది అక్కడే. ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉన్న రెండు పలకల్ని నీళ్లలో వేసి చూడండి. ఒకటి తిన్నగా పోతానంటుంది, ఇంకొకటి చిటికెలో తిరుగుతానంటుంది. ఆ వెడల్పు ముక్కువైపు ఉందా తోకవైపు ఉందా అని అడగడం ఎవరికీ తట్టదు. తట్టినప్పుడు మాత్రం కొంప మునుగుతుంది. నా విషయంలో దాదాపు అదే జరిగింది.

భీమిలిలో, ఫైబర్ పడవలు బాగుచేసే ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను చేసినవాడు ఎలీషా. పని బాగా వచ్చు, ఆ సంగతి తనకూ బాగా తెలుసు. పొగరు మనిషి. పైగా గుట్టు మనిషి. గీత గీసే అచ్చులన్నీ గోనెపట్టా కింద దాచేవాడు. గుమ్మంలో ఎవరి నీడ పడినా నా మీద దుప్పటి కప్పేవాడు. ఇంతగా దాచేవాడు మంచిది దాస్తున్నాడో చెడ్డది దాస్తున్నాడో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

నేను తెల్లటి ఫోమ్ దిమ్మగా ఉన్నప్పుడు నా పక్కనే ఇంకో దిమ్మ ఉండేది. ఇద్దరికీ ఒకటే పొడవు, ఒకటే వెడల్పు. పెన్సిల్ గీత మాత్రం వేరు. నాకు అన్నిటికన్నా వెడల్పైన చోటు నడుముకి కాస్త ముందు పడింది. అక్కణ్ణుంచి వెనక్కి సన్నబడుతూ తోక దగ్గర కోసుగా ముగిశాను. దానికి వెడల్పంతా నడుముకి వెనక పడింది. ముక్కు సన్నం, తోక విశాలం. ఎలీషా ఇద్దరినీ చెక్కి, అంచులు నునుపు చేసి, ఫైబర్ గుడ్డ పరిచి, రెసిన్ పూసి, ఒకే నీలం రంగు వేశాడు. దూరం నుంచి చూస్తే కవలలమే.

మా కోసం వచ్చినవాళ్లు ఇద్దరు స్నేహితురాళ్లు. యశోద విశాఖలో ఒక బడిలో ఆటల టీచరు. నలభైకి దగ్గరపడిన మనిషి. నూకరత్నం రుషికొండ తీరంలో లైఫ్‌గార్డు, జాలరి ఇంటి పిల్ల, యశోదకన్నా చాలా చిన్నది. సముద్రంలో ఈదడం యశోదకు నేర్పింది ఆమే. ఆదివారం పొద్దున ఇద్దరూ ఈత కొట్టి, ఒకే టిఫిన్ పొట్లం విప్పి ఒడ్డున తినేవాళ్లు. ఆ ఏడు జాతీయ పోటీలకు రాష్ట్ర జట్టును ఎంపిక చేసే పందెం రుషికొండలోనే పెట్టారు. మహిళల్లో ఒక్కరికే చోటు. ఇద్దరూ పోటీ చేద్దామనుకున్నారు. ఎవరు గెలిచినా రెండోవాళ్లు పెసరట్లు పెట్టించాలని నవ్వుకుంటూ పందెం కాసుకున్నారు.

ఎలీషా రత్నానికి సొంత మేనమామ. ఈ సంగతి మొదట్లో యశోదకు సంతోషంగానే ఉండేది.

నీళ్లలో దిగాక తేడా కనిపించింది. తిన్నగా పోయినంతసేపూ నేను ఎవరికీ తీసిపోను. ముందున్న వెడల్పు నా ముక్కును అలల మీద తేల్చి ఉంచుతుంది. మీద నిలబడ్డ మనిషి కాళ్లు వణకవు. కానీ పందెంలో తిన్నగా పోవడమే ఉండదు కదా. సముద్రంలో లంగరు వేసి కట్టిన పెద్ద నారింజ రంగు గాలి బుంగల్ని, అంటే బోయాల్ని, చుట్టి రావాలి. అక్కడ రత్నం వెనక్కి ఒక్క అడుగు వేస్తే, ఆమె పలక ఆ విశాలమైన తోక మీద కూర్చున్నట్టే కూర్చుని గిరుక్కున తిరిగేది. యశోద వెనక్కి జరిగితే నా సన్నతోక లోపలికి దిగిపోయేది, ఆమె తూలేది. జరక్కపోతే నేను పెళ్లి ఊరేగింపులా పెద్ద చుట్టు తిరిగి వచ్చేదాన్ని.

యశోద మొదట తనను తాను తిట్టుకుంది. వయసన్నది, మోకాళ్లన్నది. ఒక ఆదివారం రత్నం ఎవరినో కేకలు వేసి నీళ్లలోంచి బయటికి రప్పిస్తుండగా, ఇసుకలో పక్కపక్కన పడుకున్న మా ఇద్దరి మీద యశోద టేపు పెట్టింది. పొడవు ఒకటే. వెడల్పు ఒకటే. తోక నుంచి ఒక అడుగు ముందుకు కొలిచి, అక్కడ అడ్డంగా టేపు పట్టి చూసింది. నా దగ్గర ఆగిన చోటుకి, రెండో పలక దగ్గర ఆగిన చోటుకి జానెడు తేడా ఉంది. మళ్లీ కొలిచింది. టేపు చుట్టి సంచిలో వేసుకుంది. రత్నం తడిబట్టలతో వచ్చి "ఏటక్కా అలగున్నావు?" అంటే "ఎండ" అంది.

ఆ రోజు టిఫిన్ పొట్లం విప్పలేదు.

యశోద అలా మారిపోవడానికి కారణం నేను ఆమె ఇంటికి వెళ్లాకే అర్థమైంది. చిన్నప్పుడు జిల్లా పరుగుపందెం జట్టులో ఆమె పేరు ఉండేది. రైలెక్కే ముందు పేరు కొట్టేసి, కోచ్ తన కూతుర్ని పంపించాడు. ఆ సంగతి భర్త శేషగిరితో ఆమె ఎన్నిసార్లు చెప్పిందో గాని, ఈసారి చెప్పకముందే అతను అందుకున్నాడు.

"మేనమామ యశోదా. నువ్వు డబ్బిచ్చే మనిషివి, ఆ పిల్ల రక్తసంబంధం. ఇంకేం కావాలి?"

"రత్నం అలాంటిది కాదు."

"ఆ పిల్ల కాదు సరే. ఆయన?"

అనుమానం ఉప్పుగాలి లాంటిది. కిటికీ వేసినా వస్తుంది. నేను వాళ్ల వరండాలో గోడకు ఆనుకుని వినేదాన్ని. నాకూ ఆ మాట నిజమే అనిపించేది. గోనెపట్టా, దుప్పటి గుర్తొచ్చేవి.

యశోద నన్ను కారు మీద కట్టించుకుని భీమిలి వెళ్లి ఎలీషాను నిలదీసింది. "ఇద్దరికీ ఒకటే కొలత అన్నారు. రత్నం పలకకు తోక వెడల్పు వేరు, నా పలకకు వేరు. ఎందుకని?"

ఎలీషా చేతిలోని ఉప్పు కాగితం కింద పెట్టలేదు. "నాను ఏ మనిసికి ఏది సెయ్యాలో అది సేసినాను టీచరమ్మా."

"అదే ఎందుకని అడుగుతున్నాను."

"నా పని మీద అనుమానమైతే పలక ఇక్కడొగ్గేసి ఎల్లండి. సెప్పుకుంటా కూకోడం నాకు రాదు."

సమాధానం ఉన్నవాడు చెప్పకపోవడం, సమాధానం లేనివాడు చెప్పకపోవడం బయటికి ఒకేలా ఉంటాయి. యశోద నన్ను మళ్లీ కారెక్కించింది.

ఈ గొడవ రత్నం చెవిన పడింది. పరుగున యశోద ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, నా బోర్డు నువ్వు తీస్కో. నీది నాకిచ్చీ. నాకు ఏదైనా ఒకటే, సిన్నప్పట్నించీ తెప్ప మీద తిరిగినదాన్ని" అంది.

ఆ మాటలో ఏ మర్మమూ లేదని నాకు ఆ గొంతు వింటేనే తెలిసింది. యశోద ముఖం మాత్రం బిగుసుకుంది. ఇంత తేలిగ్గా ఇస్తోందంటే అందులోనూ ఏదో ఉండాలి. పలక మార్చుకుని ఓడిపోతే రేపు నోరెత్తడానికి ఉండదు. అదీ ఆమె లెక్క. రత్నం వెళ్లాక శేషగిరితో అన్నదీ అదే. రత్నం ఎదుట మాత్రం "వద్దులే రత్నం, అలవాటైపోయింది" అని నవ్వింది. రత్నం మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ నా అంచులు జివ్వుమంటాయి. శేషగిరికి ఒక ఉపాయం తట్టింది. వెనక వెడల్పు పెంచలేం, ముందున్నది తగ్గించేస్తే సరి, అప్పుడు వెడల్పైన చోటు దానంతటదే వెనక్కి పోతుంది. కాగితం మీద ఆ మాట తప్పు కాదు. నన్ను రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టారు. పెన్సిల్‌తో గీత గీశారు. శేషగిరి రంపం పట్టాడు, యశోద నా నడుము కదలకుండా పట్టుకుంది. ముక్కుకి రెండు పక్కలా, నేను నీటి మీద నిలిచే ఆ గుండ్రటి భుజాలు రెండూ ముక్కలై వరండాలో పడ్డాయి. కోసిన చోట బజారులో తెచ్చిన రెసిన్ పూసి, నీలం రంగు వేశారు. ఆరేదాకా ఆగారు, సరిగా పట్టిందో లేదో మాత్రం చూడలేదు.

యశోద చెయ్యి మాత్రం నా మీద చాలాసేపు ఉంది. "తిరుగుతుంది కదూ?" అని అడిగింది. శేషగిరి తిరుగుతుందన్నాడు.

నిజంగానే తిరిగాను. నిదానమైన నీళ్లలో, గాలి లేని పూట, బుంగ చుట్టూ ముందుకన్నా చురుగ్గానే తిరిగాను. యశోద ముఖం వెలిగింది. తన అనుమానమే నిజమైందనుకుంది. నాకు మాత్రం ముందరి భాగంలో ఏదో ఖాళీగా, తేలికగా, భయంగా ఉండేది.

పందెం పొద్దున ఒడ్డు మీంచి సముద్రంలోకి గాలి. బయలుదేరినప్పుడు వీపున గాలి, అందరూ దూసుకుపోయారు. మొదటి బుంగ దగ్గర యశోద నన్ను చక్కగా తిప్పింది. ముందు రత్నం ఒక్కతే ఉంది. అక్కణ్ణుంచి లోపలి బుంగ వైపు పోతుంటే అలలు వెనక నుంచి లేవడం మొదలుపెట్టాయి. అల తోకను లేపుతుంది. అప్పుడు ముక్కు దగ్గర వెడల్పు ఉంటే అది నీటిని నొక్కి, తేలి, జారిపోతుంది. నా వెడల్పు యశోద ఇంటి వరండాలో పడి ఉంది. ముక్కు నీళ్లలోకి గుచ్చుకుంది. యశోద తల్లకిందులుగా పడింది. ఎక్కింది. మళ్లీ గుచ్చుకున్నాను. ప్రతిసారీ కోసిన చోట రెసిన్ పొర కాస్త లేచేది. నీళ్లు లోపలికి పాకుతూ నన్ను బరువెక్కించాయి. వెనకనుంచి వచ్చినవాళ్లంతా దాటిపోయారు. గాలి మమ్మల్ని ఇంకా లోపలికి నెట్టింది.

రత్నం చివరి బుంగ చుట్టి, ఒడ్డు వైపు తిరిగి వస్తూ మమ్మల్ని చూసింది. యశోద అప్పుడు నీళ్లలో ఉంది, నా కింద, తల మునిగి.

"అక్కా! నిలబడకు! బోర్లా పడుకో! బోటు పంపుతాను!" అని గొంతు చించుకుని అరిచింది. తెడ్డు పైకెత్తి దూరంగా ఉన్న రక్షణ బోటుకి ఊపింది. బోటు ముక్కు ఇటు తిరిగేదాకా ఊపింది. తిరిగాకే తెడ్డు వేసి సాగిపోయింది.

యశోద పైకి తేలి, మింగిన నీళ్లు కక్కి, కళ్లు తుడుచుకుని చూసేసరికి ఆమెకు కనిపించింది రత్నం వీపు.

బోటువాడు ఆమెను పైకి లాగి, నన్ను తాడుతో కట్టాడు. "రత్నం సెయ్యూపింది టీచరమ్మా" అన్నాడు.

"ఎప్పుడు? గెలిచాకా, ముందా?"

"నాకేటి తెలుసమ్మా? ఎవులో ఊపుతన్నారని వచ్చినాను."

నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

రత్నం గెలిచింది. ఒడ్డున దండలు వేస్తుంటే, వాటి మధ్యలోంచి తోసుకుని యశోద దగ్గరికి వచ్చింది. యశోద "కంగ్రాట్స్" అంది. అంతే అంది. రత్నం చూపు నా ముక్కు మీద పడింది. కోసిన చోటు రంగు ఊడి, లోపలి ఫోమ్ కనిపిస్తోంది. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

మర్నాడు ఎలీషా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. వరండాలో నా పక్కన గొంతుక్కూర్చుని కోత మీద వేలు పెట్టి రాశాడు. కోపంతో అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"మీరు నిలబడేది ముందుకి టీచరమ్మా. బరువంతా ముందు కాలి మీదేత్తారు. తడిసిన ఇసకలో మీ అడుగు సూసినాను. అందుకే ఎడల్పు ముందెట్టినాను. మీరు పడకూడదని."

"మరి రత్నానికి?"

ఎలీషా తల దించుకున్నాడు. "దానికి గెలిసే పలకే సేసినాను. మీరు గెలవాలని నాననుకోలేదు. పడకుండా వస్తే సాలనుకున్నాను" అన్నాడు.

యశోద నవ్వింది. ఆ నవ్వు చూసి శేషగిరి లోపలికి వెళ్లిపోయాడు. "అంటే నా అనుమానం నిజమే" అంది.

"నా మీద నిజమే తల్లీ. పిల్ల మీద కాదు. దానికి గీతల సంగతి తెలీదు. అచ్చులు దానిక్కూడా సూపెట్టనేదు."

ఎలీషా నన్ను షెడ్డుకు తీసుకెళ్లి నీరంతా వంపి, ఎండబెట్టి, పోయిన భుజాలు కొత్త ఫోమ్‌తో అతికాడు. ఈసారి యశోదను ఎదురుగా కూర్చోబెట్టుకుని గీత గీశాడు. ఎక్కడ పెడితే ఏమవుతుందో చెబుతూ, ఆమె ఒప్పుకున్నాకే చెక్కాడు. ఆమె వెడల్పును కొంచెం వెనక్కి, నడుము మీదికి జరపమంది. తోక కాస్త విప్పమంది. అతను గొణిగాడు గాని చేశాడు. ఇప్పుడు నేను ముందులా నెమ్మదస్తురాలినీ కాను, రత్నం పలకంత చురుకైనదాన్నీ కాను. ముక్కు గుచ్చుకోను. తిరగమంటే తిరుగుతాను.

అప్పటికీ యశోద రత్నం దగ్గరికి వెళ్లలేదు. రోజులు గడిచాయి. జాతీయ పోటీలకు బయలుదేరే ముందు ఆదివారం రత్నం సముద్రంలో ఒంటరిగా సాధన చేస్తుంటే యశోద నన్ను నీళ్లలో దింపి ఆమె పక్కకు చేర్చింది. ఇద్దరూ తెడ్లు ఆపారు. మేమిద్దరం, రెండు నీలం పలకలం, ఒకదాన్నొకటి ఆనుకుంటూ విడిపోతూ తేలాం.

"ఆ రోజు నన్ను చూశావా?" అని అడిగింది యశోద.

"సూసినాను."

"ఆగలేదు."

"ఆగితే నీ కాడ ఇద్దరం మునిగేవోళ్లం. బోటు తిరిగినాకే ఎల్లినాను. అరిసినాను అక్కా. ఇనబడనేదా?"

"లేదు."

రత్నం కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా మావ సేసిన పనికి నన్నెందుకు అనుమానించినావు? నా బోర్డు ఇత్తానంటే నవ్వినావు. ఆ నవ్వు నాకు తెల్దా?"

యశోద ఒడ్డు వైపు చూసింది. రత్నం అరిచిందనడానికి సాక్ష్యం లేదు. బోటువాడికి గుర్తు లేదు. ఒడ్డున ఉన్నవాళ్లెవరికీ వినపడలేదు. ఆమె వంగి రత్నం పలక అంచు పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

"అరిచావు" అంది. "నాకే వినపడలేదు."

ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కనే ఒడ్డుకు వచ్చారు. పెసరట్లు యశోదే పెట్టించింది. నేను ఇసుకలో పడుకుని వాళ్ల మాటలు వింటూనే ఉన్నాను. ఆమె నిజంగా నమ్మిందో, నమ్మాలనుకుని నమ్మిందో ఈ రోజుకీ నాకు తేలలేదు. నా మీద నిలబడినప్పుడు ఆమె పాదాల బరువు ఇప్పుడు కాస్త వెనక్కి జరిగింది. బిగుసుకున్న మోకాళ్లు వదులయ్యాయి. దాన్ని బట్టి నమ్మిందనే అనుకుంటున్నాను.