తోలు తొడిగిన పిల్ల

సహామా కొండ మీద మంచు కరుగుతూ ఏటేటా పైకి పోతోంది, ప్యూమా పులి ఏటేటా కిందికి దిగుతోంది. ఈసారి అది, కొండ కింద ఉన్ని జంతువులను పెంచే ఫెలిపా మందలో ఒక తల్లి అల్పాకాను చంపింది. నిన్ననే పుట్టిన దాని తెల్ల పిల్ల రాళ్ల దొడ్డిలో వణుకుతూ నిలబడి ఉంది.

ఫెలిపా తమ్ముడి కొడుకు జెనోబియో, అడవి జంతువులను కాపాడే పార్కులో గార్డు. సంగతి తెలిసి యూనిఫాం వేసుకుని మరీ వచ్చాడు.

"వచ్చావా నాయనా! మీ పిల్లి భోంచేసి వెళ్లింది. ఎంగిలి నువ్వెత్తుతావా?"

"నన్నంటే ఏం లాభం అత్తా? దాన్ని ముట్టుకుంటే జైలు. రూలు నేను పెట్టానా?"

"పోనీ ఆ రూలేదో దానికీ చెప్పొచ్చుగా!"

జెనోబియో తల దించుకున్నాడు. "పిల్లకి డబ్బాపాలు తెమ్మంటావా?"

"నిరుడు ఒకదానికి పట్టాంగా. పారుకుని చచ్చింది."

దారి ఒక్కటే ఉంది. ఆ ఉదయమే ఇంకో అల్పాకా చచ్చిన పిల్లను ఈనింది. పరాయి పిల్ల దగ్గరికొస్తే అల్పాకా మొహాన ఉమ్ముతుంది. తన పిల్ల వాసన వస్తే మాత్రం కాదనదు. ఫెలిపా చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తెల్ల పిల్లకు చొక్కాలా తొడిగి, ఉన్నిదారంతో కట్టింది. తమ ఊరివాళ్లు తాతగా మొక్కే ఆ కొండవైపు తిరిగి నేల మీద కాస్త సారా పోసింది.

"తాతా, నీళ్లెలాగూ ఇవ్వట్లేదు. దీన్నైనా ఉంచు."

తెల్ల పిల్లను దగ్గరికి వదిలితే, బిడ్డ పోయిన తల్లి వెనక్కి తగ్గింది, ఉమ్మింది. తర్వాత పిల్ల తోక దగ్గర వాసన చూసి, సన్నగా కూనిరాగం తీసింది.

"ఒప్పుకుంది అత్తా, ఒప్పుకుంది!" యూనిఫాం మరిచిపోయి జెనోబియో గంతులేశాడు.

పిల్ల పొదుగు అందుకుంది. గుడిచింది, కుమ్మింది, చన్ను మార్చింది. మూతికి నురగ అంటలేదు. ఫెలిపా వంగి పొదుగు పట్టి చూసింది. వట్టి సంచి. అక్కడ వానలు పడాల్సిన జనవరి వచ్చినా వాన లేదు, మంచునీళ్లు దిగక చిత్తడి మేత ఎండిపోయింది. ఆ తల్లి తిన్నది ముళ్లగడ్డి. పొద్దున్నుంచీ ఫెలిపా పొదుగు ముట్టలేదంటే మరిచిపోయి కాదు, భయపడి.

"పాలేవి అత్తా?"

ఆమె ఇంకో చన్ను పిండి, తడి అంటని చెయ్యి చూపించింది.

"పోనీ డబ్బాపాలే పడదాం." జెనోబియో పిల్ల మీద చెయ్యి వేయబోయాడు. తల్లి అతని మొహాన ఉమ్మి, పిల్లకు అడ్డంగా నిలబడింది.

ఫెలిపా నేల మీద కూలబడింది. ఆమెకు ఏడవాలనిపించింది గానీ ఏడుపు రాలేదు. పిల్ల మళ్లీ కుమ్మింది. తల్లి దానికి వీలుగా కాళ్లు ఎడం చేసి నిలబడింది.