ఇరవై ఐదో వంతు వ్యాను

బొమ్మల బావ అంటే అత్తారింట్లో అందరికీ వేళాకోళమే. నెత్తిన జుట్టు పలచబడిపోయినా ప్లాస్టిక్ కారు ముక్కలు అతికించుకుంటూ కూర్చునే మనిషిని ఇంకేమంటారు మరి! పోనీ, అందరిలా చేస్తాడా? అసలు కారు పొడవులో ఇరవై నాలుగో వంతు ఉండే బొమ్మలు ఏ దుకాణానికి వెళ్లినా దొరుకుతాయి. అవి ఈయనగారికి చప్పగా ఉంటాయి. పదహారో వంతు, ఇరవయ్యో వంతు, ఇరవై ఎనిమిదో వంతు, ఇలా అమ్మేవాళ్లే మరిచిపోయిన కొలతలంటే ప్రాణం. బల్ల మీద రెండు కార్లు పక్కపక్కన పెడితే చాలు, "ఈ రెంటికీ వియ్యం కుదరదు, వంతులు వేరు" అని స్కేలు ముట్టుకోకుండానే తేల్చేసేవాడు. ఆ కంటిని నమ్ముకునే పప్పులో కాలేశాడు.

అంబులెన్సుల ఆఫీసులో గుమాస్తాగా ఉన్న బావమరిది ఒకరోజు ఈయన దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వాళ్ల డ్రైవరు ఒకాయన మీద విచారణ నడుస్తోంది. ఊపిరాడని ఒక ముసలావిడ కోసం వెళ్తూ, సందు మలుపులో అడ్డంగా ఆగిన లారీని చూసి వ్యాను దూరదని వెనక్కి తిప్పాడట. చుట్టూ తిరిగి వెళ్లేసరికి పదకొండు నిమిషాలు ఆలస్యం. అప్పటికే ఆవిడ ప్రాణం పోయింది. దూరే దారే ఉంది, డ్రైవరే భయపడి మా అమ్మను చంపాడని ఆవిడ కూతురు ఫిర్యాదు ఇచ్చింది. పోనీ అక్కడికే వెళ్లి చూద్దామంటే సందంతా పైపుల కోసం తవ్వి పడేశారు. మలుపు ఉండటంతో వెడల్పుల లెక్క కాగితం మీద తేలటం లేదు.

"నువ్వు సందు బొమ్మా, వ్యాను బొమ్మా చేసి పెట్టు బావా. విచారణ చేసే మేడం ముందు నెట్టి చూద్దాం. దూరితే ఆయన ఉద్యోగం పోతుంది, దూరకపోతే ఉంటుంది" అన్నాడు బావమరిది.

బొమ్మల బావకు ఒళ్లంతా పొంగిపోయింది. ఇన్నేళ్లకు తన పిచ్చితో ఒకరికి పనిపడింది! పోలీసులు రాసుకున్న కొలతలు చూసి గోడలు, మెట్లు, లారీ అన్నీ ఇరవై నాలుగో వంతుకు తగ్గించి అట్టతో కట్టాడు. ఆ రకం పాత వ్యాను మాత్రం ఎక్కడా దొరకలేదు. చివరికి పాత సామాన్ల దుకాణంలో మూతలేని పెట్టెలో ముక్కలు కనబడ్డాయి. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "ఇరవై నాలుగే" అనేశాడు. అతికించి, రంగు వేసి, పక్క అద్దాలు కూడా బిగించాడు. అంతా అయ్యాక ఒక్కసారైనా కొలిచి చూశాడా? అబ్బే! కొలవటం చేతకానివాళ్ల పని కదా ఆయనగారి లెక్కలో.

విచారణ గదిలో ఒక పొడవాటి బల్ల, నాలుగు కుర్చీలు. అధికారిణి ఒక చివర కూర్చుంది. ఎదురుగా డ్రైవరు, యాభై దాటిన మనిషి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చేతులు మోకాళ్ల మీద ఆనించుకుని ఉన్నాడు. బావమరిది కాగితాలు పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు.

"కానివ్వండి" అంది అధికారిణి.

బొమ్మల బావ వ్యానును సందులోకి నెట్టాడు. మలుపు దగ్గర ముందు చక్రాలు తిప్పాడు. ఎడమ అద్దం గోడను రాసుకున్నట్టే అనిపించింది కానీ తగల్లేదు. లారీ మూలకూ వ్యానుకూ మధ్య వెంట్రుక వాసి ఖాళీ మిగిలింది. వ్యాను అవతలికి వెళ్లిపోయింది.

డ్రైవరు ఆ వ్యాను వైపే చూస్తూ ఉండిపోయాడు.

"కష్టమే, కానీ దూరింది" అని అధికారిణి కలం మూత తీసింది. అంతలోనే ఆగి, "డ్రైవరు కూర్చున్నచోటి నుంచి ఈ ఖాళీ కనిపిస్తుందా? మనిషి బొమ్మ ఏదైనా ఉందా?" అని అడిగింది.

ఉంది. కొత్త పొట్లంలోది, పొట్లం మీద ఇరవై నాలుగో వంతు అని అచ్చు వేసి ఉంది. బొమ్మల బావ వ్యాను పైకప్పు ఊడదీసి ఆ మనిషిని సీట్లో కూర్చోబెట్టాడు. కప్పు మళ్లీ పెడితే సరిగా కూర్చోలేదు. మనిషి తల అడ్డం వచ్చింది. ఇంకాస్త అదిమి చూశాడు. ఊహూ.

"మనిషి కాస్త పొడుగేమో" అని బావమరిది నవ్వబోయాడు.

బొమ్మల బావకు నవ్వు రాలేదు. జేబులోంచి ఉక్కు స్కేలు తీసి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి కొలిచాడు. అసలు వ్యానుకు ఆ దూరం మూడు మీటర్లు. ఇరవై నాలుగో వంతయితే నూట ఇరవై ఐదు మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలు మీద నూట ఇరవై ఉంది. మళ్లీ కొలిచాడు. నూట ఇరవయ్యే.

ఇది ఇరవై ఐదో వంతు! సందు పెద్దది, వ్యాను చిన్నది. దూరక చస్తుందా మరి?

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. అధికారిణి మనిషి బొమ్మ సంగతి వదిలేసి రాయటం మొదలుపెట్టింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే తన పేరుతోపాటు బావమరిది పేరూ పోతుంది, ఇక అత్తారింట్లో తలెత్తుకునే పనే ఉండదు. డ్రైవరు వైపు చూశాడు. ఆ మనిషి ఏమీ వాదించటం లేదు, అదే భరించలేకపోయాడు.

"మేడం, రాయొద్దు" అన్నాడు. "తప్పు నాది. వ్యాను వంతు వేరు, సందు వంతు వేరు. నేను కొలవలేదు."

"బావా! చావు కబురు చల్లగా చెప్తావేంటి?" అన్నాడు బావమరిది.

అధికారిణి కలం కింద పెట్టింది. "మీ కంటిచూపును నమ్మి ఇప్పుడు ఈయన ఉద్యోగం తీసేసేదాన్ని. అర్థమవుతోందా మీకు?"

"అవుతోందండీ." సిగ్గుతో ఆయన చెవులు కాలిపోతున్నాయి. "ఈ వ్యాను ఇరవై నాలుగో వంతులో దొరకదు. అందుకని సందునే చిన్నది చేస్తా. నేను ఇరవై నాలుగో వంతుకు గీసిన సందు నక్షా తెచ్చాను. తొంభై ఆరు శాతానికి జిరాక్స్ తీస్తే ఇరవై ఐదో వంతు అవుతుంది. నన్ను నమ్మొద్దు, మీరే కొలుచుకోండి."

జిరాక్స్ మిషను పక్క గదిలోనే ఉంది. నక్షా పెద్దది కాబట్టి మూడు కాగితాలు తీసి అంచులు కలిపి టేపు అంటించారు. అసలు నక్షాలో ఇరవై ఐదు సెంటీమీటర్లున్న గోడ గీతను అధికారిణి స్వయంగా కొలిచింది. సరిగ్గా ఇరవై నాలుగు వచ్చింది. గోడలకు గీతలు, లారీకి గీతలు, అంతే. వ్యానును కూడా ఆమే నెట్టింది. మలుపు దగ్గర ఎడమ అద్దం గోడ గీతకు ఆనింది. ఇంకాస్త నెడితే వ్యాను కుడి మూల లారీ గీత మీదికి ఎక్కింది. వెనక్కి లాగి చక్రాలు ఇంకోలా తిప్పి నెట్టింది. ఈసారీ ఎక్కింది.

"దూరదు" అంది ఆమె. ఇందాక రాసిన కాగితం నిలువునా చింపి కొత్తది తీసుకుంది.

బావమరిది హమ్మయ్య అనుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. "లేవండి, గండం గడిచింది" అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు లేవలేదు. "ఇందాక అది దూరిపోయినప్పుడు, ఆవిడని నేనే చంపేశాననుకున్నాను సార్" అన్నాడు బొమ్మల బావతో. "రోజూ అదే అనుకుంటున్నా. దూరేదేమో, నేనే పిరికివాణ్ణేమో అని. మీ బొమ్మ చూశాక అదే నిజమనిపించింది."

"నన్ను క్షమించు నాయనా" అన్నాడు బొమ్మల బావ. మనసులో తనను తాను చెప్పుతో కొట్టుకున్నంత పని అయింది.

"ఒక్కసారి నన్ను నెట్టనిస్తారా?"

డ్రైవరు కుర్చీ దగ్గరికి జరుపుకుని వ్యానును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. నెమ్మదిగా సందులోకి తీసుకెళ్లి మలుపు తిప్పాడు. అద్దం ఆనింది, మూల లారీ మీదికెక్కింది. మొదటికి తెచ్చి ఈసారి కుడి గోడకు ఆనించి తెచ్చాడు. ఎక్కింది. మళ్లీ తెచ్చాడు. మళ్లీ ఎక్కింది. కళ్లనీళ్లు గడ్డం దాకా జారుతున్నా తుడుచుకోలేదు. అధికారిణి రాయటం ఆపి చూస్తూ కూర్చుంది.

నాలుగోసారి గట్టిగా నెట్టేసరికి కాగితం పక్కకు జరిగింది. బొమ్మల బావ వంగి దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

"కానివ్వు నాయనా, నీకు తృప్తి కలిగేదాకా నెట్టు" అన్నాడు. "నేను పట్టుకుంటాను."