అందినది, నమోదు కానిది

రికార్డుల గుమాస్తా సర్వీసు పుస్తకాన్ని కళ్ళజోడుకు దగ్గరగా పెట్టుకుని చదువుతున్నంతసేపూ, కిటికీకి ఇవతల నిలబడ్డ పెద్దావిడ అతని పెదవులనే చూస్తూ ఉంది. పుస్తకం ఆమె తమ్ముడిది. సైన్యం నుంచి వచ్చేశాక తాళాలు బాగుచేసుకుంటూ బతికాడు; పోయి నెల దాటింది. కొట్టు ఖాళీ చేస్తుంటే తాళంచెవుల డబ్బా అడుగున ఈ పుస్తకం దొరికింది. రెండో పేజీలో 'దగ్గరి బంధువు' అన్న గడికి ఎదురుగా, ఎవరివో గుండ్రటి అక్షరాలు: 'ఎవరూ లేరు'.

"ఇది తప్పు బాబూ," అందామె. "అమ్మ పోయిన నాటినుంచీ వాణ్ణి పెంచింది నేను. తల దువ్వి బడికి పంపిన చెయ్యి ఇది."

"తప్పులు దిద్దడమే నా ఉద్యోగం పెద్దమ్మా. పోయిన వారం ఒకాయన వచ్చాడు. నిక్షేపంలాంటి మనిషిని మావాళ్ళు ఆరేళ్ళ కిందటే చంపేశారు. 'నేను చావలేదు మొర్రో' అంటే, సాక్షి సంతకం పట్రమ్మన్నాం."

ఆమెకు నవ్వు రాలేదు. అతను గొంతు సవరించుకున్నాడు.

"పద్ధతి ఒకటే. ఆయన రాసిచ్చిన కాగితంలో ఒకటుండి, పుస్తకంలోకి ఇంకొకటి ఎక్కితే మా తప్పు, దిద్దేస్తాం. ఆయనే అలా రాసుంటే మాత్రం దేవుడు దిగొచ్చి చెప్పినా ముట్టుకోం."

ఆ సంగతి తేల్చుకోవడానికే ఆమె రెండు బస్సులు మారి వచ్చింది. "మామయ్యే పోయాక ఇప్పుడెందుకమ్మా ఈ తిరుగుడు?" అని కొడుకు విసుక్కున్నాడు. కారణం అతనికి చెప్పుకోగలిగింది కాదు. నలభై మూడేళ్ళ కిందట, సంచీ భుజాన వేసుకుని సైన్యంలోకి బయలుదేరిన తమ్ముడి ఎదుట నిలబడి, "ఆ గడప దాటావంటే నాకు తమ్ముడు లేడనుకుంటాను. నీకూ అక్క లేదనుకో," అంది. అతను దాటాడు. 'ఎవరూ లేరు' అన్నది ఆ మాటకు జవాబా, ఎవరో గుమాస్తా పరధ్యానమా? పరధ్యానమే అయితే, మిగిలిన నాలుగు రోజులూ ఆమె కంటిమీద కునుకు పడుతుంది.

గంట తర్వాత గుమాస్తా మోచేతులదాకా దుమ్ముతో, దారం కట్టిన ఫైలుతో తిరిగి వచ్చాడు. ఆమెను లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. మొదటి కాగితం, చేరిననాడు నింపిన దరఖాస్తు. చదవకముందే ఆమె గుర్తుపట్టింది, ఎడమకు వాలిపోయే ఆ అక్షరాలను. 'ఎవరూ లేరు'.

"ఆయన చేతిరాతేనా?"

"వాడిదే. పలక మీద దిద్దించింది నేనేగా."

గుమాస్తా ఫైలులో మిగిలిన కాగితాలు ఒక్కొక్కటే తిప్పసాగాడు. ఆసుపత్రి కాగితం దగ్గర అతని చెయ్యి ఆగింది. దాని వెనకాల, తుప్పుపట్టిన గుండుసూదికి అంటుకుపోయి, అరచేతి వెడల్పున ఒక చీటీ ఉంది. గోటితో మెల్లగా విడదీశాడు.

'నా దగ్గరి బంధువుగా మా అక్కను చేర్చవలసిందిగా కోరుతున్నాను. చిరునామా వెనక రాశాను. ఆమెకు నా మీద కోపం. అయినా కబురు అందితే తప్పకుండా వస్తుంది.'

"చూశారా పెద్దమ్మా!" గుమాస్తా ముఖం వెలిగింది. "ఏ కాగితానికైనా మా దగ్గర రెండు ముద్రలు పడాలి. చేతికి రాగానే 'అందినది', రిజిస్టరులోకి ఎక్కించాక 'నమోదైనది'. దీనికి మొదటిదే పడింది. ఎవడో మహానుభావుడు గుండుసూది గుచ్చి పక్కన పెట్టేశాడు. తప్పు ముమ్మాటికీ మాదే. మీరే గెలిచారు."

"ఆ ముద్ర ఏ తేదీది బాబూ?"

అతను చెప్పాడు. తమ్ముడి కాలికి గాయం కావడానికి రెండు నెలల ముందటి తేదీ.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏడు నెలలు తమ్ముడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. అక్క పేరు రాసిచ్చాడు, కబురు వెళ్ళిందనే అనుకుని ఉంటాడు. ఇక్కడ ఆమె, చీటీ ముక్కయినా రాయని తమ్ముడి పంతాన్ని తిట్టుకుంటూ ఉంది. చివరికి చేతికర్రతో గుమ్మంలో నిలబడి, "ఏమక్కా, ఇప్పటికి తీరిక దొరికిందా?" అన్నాడు. "కాలు పోయాకే అక్క గుర్తొచ్చిందా?" అని ఆమె అంతకు అంత అప్పజెప్పింది. ఎదుటి మాటకు అర్థమేమిటని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అతను రెండు వీధుల అవతల గది తీసుకున్నాడు. నలభై ఏళ్ళపాటు, ఆమె కొట్టుకు ఎప్పుడు వెళ్ళినా తాళం మీదనుంచి తలెత్తకుండా అదే మాట: "తీరిక దొరికిందా అక్కా?" ఆఖరి రోజున, తడిగుడ్డతో పెదవులు తుడుస్తుంటే కూడా అదే అడిగాడు. "నీ నోటి దురుసు చచ్చేదాకా పోదురా," అందామె.

గుమాస్తా ఎర్రసిరాతో పాత మాట కొట్టేసి, పైన ఆమె పేరు, పక్కన 'అక్క' అని రాశాడు. రెండో ముద్ర వేశాడు. తర్వాత ఫైలులోంచి ఒక అచ్చు కాగితం సగం బయటికి లాగి, తటపటాయించాడు.

"గాయపడ్డప్పుడు ఇంటికి పంపే కబురు ఇది. ఎవరూ లేరని ఉందిగా, చిరునామా ఖాళీగానే వదిలేశారు. ఇప్పుడు పేరు ఎక్కింది కాబట్టి దీన్ని మీకిచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి, మా పద్ధతి ప్రకారం. కానీ వద్దులెండి పెద్దమ్మా. నేనేదో సర్దుకుంటాను."

"ఇవ్వు నాయనా. నాకు రావలసిందేగా."

ఆమె సంతకం చేసి, కాగితాన్ని కళ్ళకు దూరంగా పట్టుకుని చదివింది. మీ బంధువు గాయపడి మా ఆసుపత్రిలో ఉన్నారు. ప్రాణభయం లేదు. మిమ్మల్ని చూడాలని కోరుతున్నారు. సందర్శకుల వేళలు: సాయంత్రం నాలుగు నుంచి ఆరు.

ఆమె తలెత్తింది. గోడ గడియారంలో నాలుగూ పది.

కాగితం చేత్తో పట్టుకునే, కుర్చీ వెనక్కి జరిగేంత వేగంగా లేచింది.

"మెల్లగా పెద్దమ్మా! ఎక్కడికి?"

చెప్పబోయి ఆగిపోయింది. తలుపు మీద ఒక చెయ్యి వేసి, అలాగే నిలబడింది.