ఇగో అన్న పేరు

నా బిడ్డకు నేను తల్లినని ఎరుకేనా? ఏడేండ్ల సంది ఈ అనుమానం నన్ను ఇడిచిపెట్టలేదు. పూజ చేసేటప్పుడు ఉంటది, బియ్యం కడిగేటప్పుడు ఉంటది. శ్రావణికి ఇప్పుడు పదకొండేండ్లు. పెద్ద దవాఖానల ఆటిజం అన్నరు. నాలుగేండ్లు నిండినంక గాని నోట మాట రాలేదు. ముందుగాల వాళ్ల నాయినను చూసి "బాపు" అన్నది. ఇంకోనాడు "అమ్మ" అన్నది. చేతిల దారం కండె పడేసి ఉరికిన. అది నా దిక్కు చూస్తలేదు, అత్తమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డది.

"కన్నది నువ్వే గాని సాకింది నేను. పోరికి ఎరుకనే," అని అత్తమ్మ నవ్వింది. నేను గూడ నవ్విన. ఆమె మాటల కొంత నిజం ఉన్నది. పొద్దుగాల వాకిలి, వంట అయినంక నేను షెడ్డులకు పోయి బట్ట నేసే మా రెండు సాంచాలకు దారం కండెలు చుట్టుకుంట పొద్దుమూకేదాక కూసుంట. ఎవరన్న మా గురించి అడిగితే మాత్రం, వెంకటేశం సాంచాలు నడుపుతడు, ఆయన భార్య ఇంట్లనే ఉంటది అంటరు. కడుపుతోని ఉన్నప్పుడు సాంచాల కాడ కూసున్నందుకే, ఆ చప్పుడుకు పోరి మాట పోయిందని అత్తమ్మ అంటది. నన్ను ఆడ కూసోబెట్టింది ఎవరని ఎవరూ అడగరు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని "అమ్మ, అమ్మ" అని దానికి ఎన్నిసార్లు చెప్పిన్నో. అది నా మొహం చూసి, అత్తమ్మ అర్ర దిక్కు చూసేది.

ఆ ఏడే కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న. నా బిడ్డ నన్ను పిలిస్తే దాన్ని తీసుకొచ్చి నీకు కొబ్బరికాయ కొడుత అని. మా తల్లిగారిది గుట్ట కింద మల్యాలనే. పోయినప్పుడల్లా బస్సులకెంచి దండం పెడుత గాని గుట్ట ఎక్కలేదు. బాకీ ఉన్నోళ్ల ఇంటి ముంగట నుంచి పోయినట్టు తల వంచుకొని పోయేదాన్ని.

మొన్న మాఘమాసంల ప్రేమలత మేడం వచ్చింది. కోరుట్ల ఆమె. హైదరాబాద్‌ల సైకాలజీ పరిశోధన చేస్తది. గిసొంటి పిల్లలల్ల మాట ఎట్ల పెరుగుతది, ఎక్కడ ఆగుతది అని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇండ్లు తిరిగి రాసుకుంటది. "రాస్తే మాటలస్తయా మేడం?" అని మా ఆయన ఎక్కిరించిండు. "రావన్నా. ఉన్న మాటలు ఎక్కడున్నయో తెలుస్తది," అన్నది. అగ్గిపెట్టెంత రికార్డు మిషన్ శ్రావణి గౌను జేబుల పెట్టి, మూడు రోజులు పొద్దంత మా ఇంట్లనే కూసోని రాసుకున్నది.

పదిహేను రోజులకు మళ్ల వచ్చింది. నేను వంటింట్ల ఎల్లిగడ్డ ఒలుస్తున్న.

"అక్కా, శ్రావణి మిమ్ముల ఏమని పిలుస్తది?"

"పిలువది మేడం. మా అత్తమ్మను అమ్మ అంటది."

"మీ ఆయన ఆమెను ఏమంటడు?"

"అమ్మ అనే."

"మరి మిమ్ముల?"

పెండ్లయిన సంది ఆయన నన్ను పేరు పెట్టి పిలువలేదు. ఇగో, చాయ్ తే. ఇగో, కండెలు అయిపోయినయ్. అత్తమ్మ గూడ గంతే.

మేడం ఫోన్‌ల రికార్డు పెట్టింది. సాంచాల చప్పుడు నడుమ శ్రావణి గొంతు. "ఇగో." కొంచెం ఆగి, మళ్ల, "ఇగో."

ఆ మాట అది రోజూ అంటది. ఏదో చూపిస్తున్నదని పోయి చూసేదాన్ని. ఆడ ఏమీ ఉండేది కాదు. ఏముందే ఆడ, అని కసిరిన రోజులు గూడ ఉన్నయి.

"ఏం చూపియ్యది అక్కా. మీరు పక్క అర్రలకు పోంగనే అంటది, మీరు రాంగనే ఆపుతది. బాపును ఒక్కసారి గూడ అట్ల అనలేదు. ఇంట్ల ఎవరిని ఎట్ల పిలుస్తే అట్లనే నేర్చుకున్నది. మీ పేరు గదే అనుకుంటున్నది."

ఒలిచేది ఉల్లిగడ్డ అయినా బాగుండు, కండ్లకు ఒక సాకు దొరికేది. ఏడేండ్లు నేను పిలుపు కోసం చూసిన. ఏడేండ్లు అది పిలిచి, నేను పలుకుతనేమో అని చూసింది. అమ్మ అని నేర్పొచ్చు, మెల్లగ వస్తది అన్నది మేడం. నేర్సుకోవాల్సింది అదా, మేమా అని నాకు కొత్త అనుమానం మొదలైంది.

మంగళవారం కొండగట్టుకు పోతున్న అని ఆయనకు చెప్పిన.

"అమ్మ అనలేదు గద. ఇంకేం మొక్కు?"

"అమ్మ అంటే అని మొక్కలేదు. నన్ను పిలిస్తే అని మొక్కిన."

"ఇగో, మరి కండెలు?"

"గా పేరు నాకు నా బిడ్డ పెట్టుకున్నది," అన్న. "నువ్వు నా పేరు పెట్టి పిలువు. మంజుల."

ఆయన నా దిక్కు కొత్తగ చూసిండు.

మంగళవారం గుట్ట మీద మస్తు జనం. కొబ్బరికాయ తీద్దామని సంచిల చెయ్యి పెడుతూ శ్రావణి చెయ్యి ఇడిచిన. నడుమల ఎవరో అడ్డమొచ్చిండ్రు.

"ఇగో."

"ఓ బిడ్డా," అని పలికిన. అంజన్న ముందు కాయ కొట్టింది ఆ తర్వాతనే.