ఇక్కడ రేవు లేదు

మార్సెయ్‌లో మా రేవు ఎంత బుల్లిదంటే, తొమ్మిది పడవలు పడితే పదోది బయటే ఆగాలి. కొత్తవాళ్ళెవరైనా దారి అడిగితే మా సిల్వెర్ బాబాయి పక్క రేవుకి పంపేస్తాడు. ఆ రేవు వెధవలు వాళ్ళని తిరిగి మా వైపే తోలేస్తారు.

పారిస్ పెద్దమనిషి ఒకాయన అలా మూడు రోజులు తిరిగాడు. నాలుగో రోజు బాబాయికే జాలేసి, గ్లాసులో మా ఊరి సోంపు సారా, పాస్తిస్ పోశాడు.

"కూర్చోవయ్యా, రేవు ఇదే. ఎక్కడా వాగకు."

తర్వాత నేను రెండు నెలలు కోర్సికా దీవిలో పనిచేసి ఇంటికొచ్చాను. రేవు మెట్ల దగ్గరే ఆ పారిస్ ఆయన అడ్డం నిలబడ్డాడు.

"రేవా? ఇక్కడ రేవేమిటి బాబూ! అటు వెళ్ళండి."

"నేను పుట్టిందే ఇక్కడయ్యా!"

"అందరూ అదే చెప్తారు."

ఆయన వెనక గ్లాసు పట్టుకుని కూర్చున్న బాబాయి, నన్నెప్పుడూ చూడనట్టు మొహం పెట్టి, పక్క రేవు వైపు వేలు చూపించాడు.