ఉత్త సీసా పలికిన రోజు

ముందే చెబుతున్నాను. దీన్ని కట్టుకథ అనదలచుకున్నవాళ్ళు నా ఎదురుగా కూర్చుని అనాలి, వీపు వెనక కాదు. నన్ను అబద్ధాలకోరని తేల్చడానికి ఇప్పటిదాకా పదిహేడు మంది వచ్చారు. పదిహేడు మందీ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. అందులో ఒకాయన వకీలు. వకీళ్ళు ఫీజు లేకుండా ఏడవరు.

సరస్సు ఒడ్డున ఒక ల్యాబ్ ఉండేది. మూడే గదులు. మొదటి గదిలో సరస్సు నీళ్ళు వడగట్టేవారు. రెండో గదిలో వడపోత కాగితం మీద చిక్కినదాన్ని కరిగించి డీఎన్ఏ తీసేవారు. మూడో గదిలో పీసీఆర్ మెషిన్ దాన్ని వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ వేడి చేసి, ఒకటిని రెండు, రెండుని నాలుగు చేసేది. అలా నలభై తిప్పులు తిప్పితే కంటికి ఆననిది కూడా కోట్లకు కోట్లు అవుతుంది. చేప ఈదుకుంటూ పోయినప్పుడు జిగురో పొలుసో ఎంతో కొంత నీళ్ళకు వదిలిపెడుతుంది కదా. దాన్ని పట్టుకుని, వల వెయ్యకుండా, గాలం ముట్టకుండా, సరస్సులో ఏ చేప ఉందో ఏది అంతరించిందో చెప్పడం వాళ్ళ కొలువు.

నలభై తిప్పులూ అయ్యాక ట్యూబు మూత తీస్తే, ఆ జీవం తన ఆనవాలు వదిలిన చోట చివరిగా చేసిన చప్పుడు వినపడేది. కప్పయితే బెకబెక. చేపయితే తోక విదిలించిన చప్పుడు. ఒక్కసారే, మూత తీసినప్పుడే. విన్నవాళ్ళు రిజిస్టరులో రాసుకుని టీ తాగడానికి పోయేవారు.

ఆ ట్యూబుల దగ్గర పనిచేసే మనిషిని అందరూ చుక్కలక్క అనేవారు. ఆవిడ చెయ్యి అలాంటి ఇలాంటి చెయ్యి కాదు. దోమ కంట్లో నీరు తీసి ఏడు ట్యూబుల్లో సమానంగా పంచేది, దోమ నిద్ర చెడకుండా. ఇక నీళ్ళు తెచ్చే పడవాయన సంగతి చెప్పాలంటే, అతను తెడ్డు ఒక్కసారి వేస్తే పడవ కదిలేది కాదు, అవతలి ఒడ్డే సిగ్గుపడి దగ్గరకు జరిగేది. నా కళ్ళతో చూశాను.

ప్రతి సోమవారం పొద్దున్నే పడవాయన సరస్సులో ఆరు చోట్ల ఆరు సీసాలు ముంచి తెచ్చేవాడు. ఏడోది ఒకటుండేది, దాన్ని ఉత్త సీసా అనేవారు. అందులో ల్యాబ్‌లో పోసిన శుభ్రమైన నీళ్ళు. నడి సరస్సులో దాని మూత ఒక నిమిషం తీసి, మళ్ళీ బిగించి, ముంచకుండా వెనక్కి తేవాలి. మిగతా ఆరింటితో పాటు దాన్నీ పరీక్ష చేస్తారు. అది నోరు మెదపకూడదు. మెదిపిందంటే, తెచ్చినవాడి ఒంటి నుంచో బట్టల నుంచో ఏదో రాలిందన్నమాట. ఆ రోజు మిగతా సీసాలు ఏం పలికినా చెల్లదు.

ఆ పడవాయనకు ఒక కూతురు. ఇరవై రెండేళ్ళది, తండ్రి నోరే వచ్చింది. ఒకనాటి సాయంత్రం గాలీ వానా పట్టుకుంటున్న వేళ ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. పడవ అమ్మేసి పట్నంలో పని చూసుకుందామని ఆ పిల్ల. నా పడవ కూడు తిని నా పడవకే ఎసరు పెడతావా అని ఇతను. పిల్ల పోయి పడుకుంది. తెల్లారి చూస్తే లేదు. చెప్పులు లేవు. పసుపు రంగు రెయిన్‌కోటు మాత్రం కొక్కేనికి వేలాడుతోంది.

“అలిగి బస్సెక్కింది,” అంది తల్లి. “నీళ్ళలోకి పోయేవాళ్ళు చెప్పులేసుకుని పోతారా?”

ఆ తల్లి రోజూ పొద్దున పట్నం నుంచి వచ్చే మొదటి బస్సుకు ఎదురువెళ్ళేది. దిగేవాళ్ళందరినీ చూసి, డ్రైవరు దిగి తలుపు వేసేదాకా చూసి, తిరిగొచ్చేది. నెల గడిచాక పడవాయన ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు.

“అమ్మాయీ, ఆ సీసాల్లో మా పిల్ల కోసం కూడా ఒకసారి చూడరాదూ.”

చుక్కలక్క చేతిలో పని ఆపింది. “చూస్తాను బాబాయ్. కానీ ఈ మెషిన్‌కి ఎవరి కోసం వెతకాలో ముందు ఎర వెయ్యాలి. ఆమెది ఏదైనా కావాలి. వెంట్రుకైనా సరే, కుదురుతో.”

వెంట్రుకను తల్లే దువ్వెనలోంచి తీసి కాగితంలో మడిచి ఇచ్చింది. “తీసుకుపో. లేదని తేలితే అప్పుడైనా నాతో బస్టాండుకు వస్తావు,” అంది మొగుడితో.

పదకొండు సోమవారాలు. పదకొండు సార్లూ పిల్ల కోసం పెట్టిన ట్యూబులు మూగగా ఉన్నాయి. మూత తీసినప్పుడల్లా పడవాయన ఊపిరి బిగబట్టేవాడు. ఏమీ వినపడకపోతే ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. సరస్సు నోరు తెరవకపోవడమే ఆ ఇంటికి కావలసింది.

పన్నెండో సోమవారం కుండపోత. పడవాయన కొక్కేనికున్న కోటు తీసి వేసుకుని వెళ్ళాడు.

ఆ రోజు మొదటి ట్యూబు మూత తీయగానే, “తలుపు గడియ వెయ్యకు నాన్నా, నేనొస్తా,” అంది ఆ పిల్ల గొంతు.

పడవాయన బల్ల దగ్గరకు వచ్చాడు. చుక్కలక్క రెండోది తీసింది. అదే మాట. మూడు, నాలుగు, అయిదు, ఆరు. ప్రతిదీ అదే. ఆవిడ ముఖం చిట్లించి ఉత్త సీసా ట్యూబు తీసింది. అదీ అంది, “తలుపు గడియ వెయ్యకు నాన్నా, నేనొస్తా.”

ఆవిడ పడవాయన వైపు తిరిగింది.

“బాబాయ్, ఒంటి మీద ఉన్నది ఎవరి కోటు?”

అతను చేతులు చూసుకున్నాడు. పసుపు రంగు చేతి అంచుల నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

“ఈ మాట సరస్సుది కాదు,” అంది చుక్కలక్క. “కోటుది. అది వేసుకుని ఆమె చివరిగా ఎప్పుడో బజారుకు పోతూ అనుంటుంది. ఇదంతా పారబొయ్యాలి.”

“పారబొయ్యకు.”

“బాబాయ్, ఆల్రెడీ పలికేసింది. అందులో ఇంకేం లేదు.”

అప్పుడు ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకుందట. ఇన్నాళ్ళూ తీసింది పైనీళ్ళు. అడుగున నీళ్ళు చల్లగా, బరువుగా ఉంటాయి, పైకి అంత తేలిగ్గా కలవవు. నిజంగా తెలుసుకోవాలంటే బరువు కట్టిన సీసాతో అడుగు నీళ్ళు తియ్యాలి. అంతకంటే ముందు పడవ, తెడ్లు, తాళ్ళు, అన్నీ బ్లీచ్‌తో కడగాలి. బ్లీచ్ తగిలితే డీఎన్ఏ మిగలదు. కొత్త బట్టలు, గ్లవ్స్. కోటు సంచిలో పెట్టి మూతి బిగించి దూరంగా ఉంచాలి.

మర్నాడు తల్లి ల్యాబ్‌కు వచ్చింది. చేతిలో బకెట్టు, బకెట్టులో మడత పెట్టిన కోటు.

“సంచి చాలు పిన్నీ,” అంది చుక్కలక్క.

“నీకేం తెలుసు. సంచి ఇంట్లో ఉంటే విప్పుతాను. విప్పి కప్పుకుంటాను. రాత్రంతా అదే చేశాను. పొద్దున్నే నా చెయ్యి ఈయన బుజానికి తగులుతుంది, మళ్ళీ నీ సీసా అబద్ధమాడుతుంది. ఆ తర్వాత నేను దేన్ని నమ్మాలి?” బకెట్టు కింద పెట్టింది. “కడిగేద్దాం. కానీ అందరూ విన్నారు, నేను వినలేదు. ఒక్కసారి వినిపించు.”

చుక్కలక్క కోటు మెడ దగ్గర దూదితో తుడిచింది. కరిగించింది, తీసింది, మెషిన్‌లో పెట్టింది. నలభై తిప్పులు తిరిగేదాకా తల్లి బల్ల మీద కదలకుండా కూర్చుంది. ట్యూబు తన చేతికే ఇస్తే బొటనవేలితో మూత తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

“తలుపు గడియ వెయ్యకు నాన్నా, నేనొస్తా.”

“నాన్నా అనే అంది,” అంది తల్లి, ట్యూబు బల్ల మీద పెట్టి. “పొయ్యి దగ్గర నేనూ ఉండే ఉంటాను.”

తర్వాత తనే బ్లీచ్ పోసింది. తనే పిండింది. ఆ కోటు రంగు అక్కడక్కడా తెల్లబారింది.

సోమవారం పడవాయన కొట్టు నుంచి తెచ్చిన కొత్త చొక్కాతో పడవ ఎక్కాడు. మోచేతుల దాకా గ్లవ్స్. తల్లి ఆ రోజు బస్సుకు పోలేదు. ఒడ్డున దూరంగా నిలబడింది, పడవను ముట్టుకోకుండా. ఆరు చోట్ల అడుగు నీళ్ళు. ఏడోది ఉత్త సీసా.

ఇక్కడి నుంచి నేను ఒక్క అంగుళం కూడా పెంచి చెప్పను. పెంచడానికి చోటు లేదు.

మొదట ఉత్త సీసా ట్యూబు తీశారు. చప్పుడు లేదు. తల్లి వంగి చెవి పెట్టి చూసింది, లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. లేదు. తల్లి లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. “నేను చెప్పలేదూ,” అంది మొగుడితో. “పద, తొమ్మిది గంటల బస్సయినా అందుతుంది.”

“ఇంకొకటి ఉంది పిన్నీ,” అంది చుక్కలక్క.

ఆరోది అవతలి ఒడ్డున, కొండరాయి కింద తీసిన నీళ్ళు. మూత తీయగానే ముందు ఆయాసం వినపడింది. తర్వాత గొంతు, గాలికి అరుస్తున్నట్టు.

“నాన్నా, పడవ దొరికింది. తాడు విసురు.”

అంతే.

మెషిన్ లోపలి ఫ్యాను తిరుగుతూనే ఉంది. పడవాయన గోడకు ఆనుకుని, ఎవరినీ చూడకుండా, అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు. ఆ వాన రాత్రి పడవ కొట్టుకుపోయింది. మర్నాడు కొండరాయి పక్కన రెల్లులో ఇరుక్కుని కనిపిస్తే తన అదృష్టం అనుకున్నాడు. ముడి సరిగా వెయ్యలేదని నలుగురూ నవ్వుతారని తెచ్చి కట్టేసి ఊరుకున్నాడు.

“ముడి నువ్వే వేశావా?” అంది తల్లి.

“నేనే. కోపంలో వేశాను.”

“పడవ పోతుంటే నిన్ను పిలిచి దాని వెనక పోయింది. నువ్వూ వెనకే వస్తావనుకుంది.”

“నాకు వినపళ్ళేదే. నిద్రపోయాను.”

తల్లి అతన్ని కొడుతుందనుకుంది చుక్కలక్క. కొట్టలేదు. అతని చేతుల గ్లవ్స్ ఒకదాని తర్వాత ఒకటి ఊడదీసింది, చిన్నపిల్లవాడికి తీసినట్టు.

ఆ మధ్యాహ్నమే గజ ఈతగాళ్ళు దిగారు. కొండరాయి కింద, ఆరో సీసా చెప్పిన చోటే, చెప్పిన లోతులోనే ఆ పిల్ల దొరికింది.

పై సోమవారం పడవాయన మళ్ళీ కొండరాయి కింద నీళ్ళు తెచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ట్యూబు “తాడు” అంది, సన్నగా. ఆ పై సోమవారం మాట లేదు, ఊపిరి ఒక్కటే. మూడో సోమవారం మూత తీసి ఎంతసేపు పట్టుకున్నా ఏమీ లేదు.

“నీళ్ళలో ఎక్కువ రోజులు ఉండదు బాబాయ్,” అంది చుక్కలక్క. “మహా అయితే మూడు వారాలు.”

“నాలుగు నెలలు ఉంది కదమ్మా.”

“అప్పుడు ఆమె ఉంది కాబట్టి.”

అతను తలూపి, ఖాళీ సీసాలు కడిగి, బోర్లించి వెళ్ళాడు. పడవ అమ్మలేదు. కానీ తాడు ముట్టుకోవడం మానేశాడు. ఒడ్డుకు రాగానే తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు, వాళ్ళావిడ వచ్చి కట్టేదాకా. ఆవిడ ఇప్పుడు బస్టాండుకు పోదు. గాలి లేస్తే చాలు, ఒడ్డున ఉన్న నలభై పడవల ముడులూ ఒక్కొక్కటే లాగి చూస్తుంది. వదులుగా ఉంటే విప్పి మళ్ళీ వేస్తుంది. ఎవరి పడవైనా సరే, ఎంత వానైనా సరే. ఆవిడ ఈ పనికి పూనుకున్నాక ఆ ఒడ్డు నుంచి ఒక్క పడవ కొట్టుకుపోలేదు, వెనకాల ఒక్క పిల్లా పోలేదు.

నమ్మనివాళ్ళు ఒడ్డుకే వెళ్ళి అడగండి. అసలు పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. ముడులమ్మ అనండి, చూపిస్తారు.